20 ఎమ్ఎల్‌డీ ఎస్టీపీ అంచనాలో పది శాతం తగ్గించమన్నారు: ఎక్కడ కోయాలి?

నీటిలెక్క

అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక కన్సల్టెన్సీలో డిజైన్ ఇంజనీర్‌గా చేస్తున్నాను, నాలుగేళ్ల అనుభవం. ఔటర్ రింగ్ రోడ్డు లోపల కొత్తగా పెరుగుతున్న ఒక ప్రాంతానికి 20 ఎమ్ఎల్‌డీ, అంటే రోజుకు రెండు కోట్ల లీటర్ల మురుగునీరు శుద్ధి చేసే ప్లాంట్‌కి (ఎస్టీపీ) డీపీఆర్, అంటే పూర్తి ప్రాజెక్టు నివేదిక, రాస్తున్నాం. ఎస్‌బీఆర్ పద్ధతి (ఒకే ట్యాంకులో నింపడం, గాలి ఊదడం, తేర్చడం, తేట నీళ్లు తీయడం వంతులవారీగా జరుగుతాయి), నాలుగు బేసిన్లు, అంటే నాలుగు ట్యాంకులు. అంచనా 60 కోట్ల దగ్గర తేలింది. 2021లో మన నగరానికి మంజూరైన 31 ఎస్టీపీల లెక్క తీసుకుంటే సుమారు 1,260 ఎమ్ఎల్‌డీకి 3,866 కోట్లు, ఎమ్ఎల్‌డీకి మూడు కోట్ల పైచిలుకు. కాబట్టి మాది మరీ ఎక్కువేమీ కాదు.

అయినా రివ్యూ మీటింగ్‌లో ఆరు కోట్లు తగ్గించి తీసుకురమ్మన్నారు. మా టీమ్ అరగంటలో ఒక లిస్టు రాసేసింది: బేసిన్లలోకి గాలి ఊదే మూడో బ్లోవర్ (రెండు నడుస్తాయి, ఒకటి స్టాండ్‌బై), కరెంటు తెచ్చే రెండో 11 కేవీ లైన్ (ఫీడర్), పెద్ద డీజీ సెట్ (డీజిల్ జనరేటర్) బదులు చిన్నది, స్లడ్జ్ అనే బురద నుంచి నీళ్లు పిండే స్టాండ్‌బై సెంట్రిఫ్యూజ్, చెత్తని ఆపే రెండో ఫైన్ స్క్రీన్. అన్నీ తీసేసినా ఆరు కోట్లు పూర్తిగా రావడం లేదు, అది వేరే సంగతి.

రెండు వారాల టైమ్ ఉంది. ఈ లిస్టు మీద సంతకం పెట్టడానికి నాకు మనసు ఒప్పడం లేదు. కానీ "ఎందుకు వద్దు" అని అడిగితే చూపించడానికి నా దగ్గర లెక్క లేదు. ప్లాంట్లు నడిపినవాళ్లు, టెండర్లు చూసినవాళ్లు ఇక్కడ ఉన్నారని అడుగుతున్నాను.

బ్లోవర్‌గది

తమ్ముడూ, పద్నాలుగేళ్లుగా ఎస్టీపీల్లో షిఫ్ట్ ఇంచార్జిగా చేస్తున్నాను. ఒక రోజు సంగతి చెప్తాను, మిగతాది నువ్వే అర్థం చేసుకుంటావు.

ప్లాంట్ పేరు వద్దు. మే నెల, సాయంత్రం ఆరున్నర దాటింది. గాలి దుమారం వచ్చింది, వెంటనే కరెంటు పోయింది. ఉన్నది ఒక్కటే ఫీడర్. డీజీ ఉంది కానీ అది లైట్లకి, లోపలికి వచ్చే మురుగు పంపులకి మాత్రమే సరిపోతుంది, బ్లోవర్‌ని మోయలేదు. ఎక్కడో చెట్టు పడి లైన్ తెగిందన్నారు. మళ్లీ కరెంటు వచ్చింది మర్నాడు తెల్లారి ఐదున్నరకి.

పంపులు నడుస్తున్నాయి కాబట్టి మురుగు వస్తూనే ఉంది, బేసిన్‌లో గాలి మాత్రం లేదు. రాత్రి తొమ్మిదికి నీళ్ల పైన బుడగలు ఆగి అద్దంలా అయిపోయింది. పదకొండుకి వాసన మారింది. మంచి స్లడ్జ్ తొలకరి మట్టి వాసన వేస్తుంది, గోధుమ రంగులో ఉంటుంది. ఆ రాత్రి కుళ్లిన గుడ్ల వాసన. పొద్దున టార్చ్ వేసి చూస్తే నల్లగా ఉంది.

రోజూ లీటరు జార్‌లో స్లడ్జ్ పోసి అరగంట ఆగి ఎంత కిందికి దిగిందో చూస్తాం. మామూలుగా 280, 300 మిల్లీలీటర్ల దగ్గర గీత పడేది. ఆ వారం 700 దాటింది. అంటే స్లడ్జ్ కిందికి దిగడం లేదు, పైనుంచి తేట నీళ్లు తీసే డికాంటర్‌ గుండా బయటికి పోతోంది. అమ్మోనియా మళ్లీ దారికి రావడానికి మూడు వారాలు పట్టింది. దాన్ని తినే బ్యాక్టీరియా చాలా మెల్లగా పెరుగుతుంది, పోయింది అంటే పోయినట్టే, కొత్తగా పెంచుకోవాలి.

కరెంటు లేనిది పదకొండు గంటలు. నష్టం మూడు వారాలు. మీ అంచనాలో ఆ మూడు వారాలకి కాలమ్ ఎక్కడ ఉంది?

ప్రతాపసింగారం_బిడ్డ

నేను ఇంజనీర్‌ని కాదు. మాది మూసీ కింద ఊరు. నాన్న గడ్డి వేసి బర్రెల డెయిరీలకి అమ్ముతాడు, మా చుట్టుపక్కల చాలామంది పని ఇదే. పొద్దున నాలుగున్నరకి కోతకి దిగుతారు. కాలువలో నురగ మోకాలిదాకా ఉన్న రోజులు ఉంటాయి. ఆ రోజుల్లో నాన్న ఇంటికొచ్చి ముందు కాళ్లకి కొబ్బరినూనె రాసుకుని గాని అన్నం ముట్టడు, దురదకి చర్మం పగిలిపోతుంది.

పైన ప్లాంట్లు పెరిగాక కొంచెం తేడా కనిపిస్తోంది, అబద్ధం చెప్పను. కానీ ఒకరోజు నీళ్లు బాగుంటాయి, ఒకరోజు నల్లగా వస్తాయి. సగటున బాగుంది అంటే నాన్నకి ఉపయోగం లేదు. ఆయన నీళ్లలోకి దిగేది ఏ రోజుకి ఆ రోజు. బ్లోవర్‌గది అన్న చెప్పిన మూడు వారాలు ఎక్కడికి వెళ్తాయో చెప్దామని రాశాను, అంతే.

ఉప్పల్_పరిశోధన

ప్రతాపసింగారం తమ్ముడు ఒక్క మాటలో అసలు పాయింట్ పట్టుకున్నాడు. సగటు వేరు, ప్రతిరోజూ నిలబడటం వేరు. దీనికి లెక్క ఉంది, నీటిలెక్క గారికి రివ్యూలో పనికొస్తుంది.

మొదట ఒక ప్రశ్న. మీ డిజైన్‌లో బయటికి వెళ్లే నీటి బీఓడీ ఎంత పెట్టారు?

నీటిలెక్క

10 మిల్లీగ్రాములు, లీటరుకి. 2017 నోటిఫికేషన్ ప్రకారం మెట్రో నగరాలకి 20 ఉండేది, జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) 2019 ఏప్రిల్ ఉత్తర్వులో 10 అయింది కదా. అదే తీసుకున్నాం.

ఉప్పల్_పరిశోధన

అక్కడే ఇబ్బంది. 10 అనేది దాటకూడని గీత. మీరు దాన్ని సగటుగా తీసుకుని డిజైన్ చేస్తే దాదాపు సగం రోజులు గీత దాటుతారు.

1979లో కాలిఫోర్నియా పరిశోధకులు చాలా ప్లాంట్ల రోజువారీ రీడింగులు చూసి, అవి లాగ్ నార్మల్ పద్ధతిలో (చాలా రోజులు తక్కువ, కొన్ని రోజులు మాత్రం బాగా ఎక్కువ) చెదిరి ఉంటాయని గమనించారు. దాని నుంచి ఒక గుణకం లెక్క కట్టారు. గీతని ఆ గుణకంతో హెచ్చిస్తే మన సగటు ఎక్కడ ఉండాలో వస్తుంది. గుణకం రెండు విషయాల మీద ఆధారపడుతుంది: ప్లాంట్ ఎంత ఊగుతుంది, వందలో ఎన్ని రోజులు గీత లోపల ఉండాలి.

100కి 95 రోజులు ఉండాలి అనుకుందాం. రీడింగుల ఊగిసలాట (స్టాండర్డ్ డీవియేషన్‌ని సగటుతో భాగిస్తే వచ్చేది) 0.5 ఉంటే గుణకం 0.51. అంటే 10 గీతకి మీ సగటు 5.1 ఉండాలి. ప్లాంట్ బాగా నిలకడగా ఉండి ఊగిసలాట 0.3కి తగ్గితే సగటు 6.4 ఉన్నా చాలు. బ్లోవర్లు ఆగుతూ, కరెంటు పోతూ 0.7కి పెరిగితే 4.3కి దించాలి.

ఇప్పుడు డబ్బులోకి మార్చి చూడండి. 6.4 నుంచి 4.3కి దించాలంటే ట్యాంకు పెంచాలి, గాలి పెంచాలి, చివర్లో ఫిల్టర్ పెట్టాలి. స్టాండ్‌బై మీద, రెండో ఫీడర్ మీద పెట్టే డబ్బు ఊగిసలాటని తగ్గిస్తుంది. అది తీసేస్తే అదే నాణ్యత కోసం కాంక్రీటు మీద ఎక్కువ పెట్టాల్సి వస్తుంది. రివ్యూలో ఈ మూడు నంబర్లు పక్కపక్కన పెట్టండి.

నల్లకుంట_నివాసి

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. బీఓడీ అంటే కాస్త సులువుగా చెప్తారా? అందరూ 10, 20 అంటున్నారు.

ఉప్పల్_పరిశోధన

తప్పేముందండీ. నీళ్లలో కుళ్లే పదార్థం ఎంత ఉందో చెప్పే కొలత. ఆ పదార్థాన్ని తినడానికి సూక్ష్మజీవులు ఎంత ఆక్సిజన్ వాడుకుంటాయో కొలుస్తారు. మనిషి రోజుకి సుమారు 27 గ్రాముల బీఓడీ మురుగులో వదులుతాడని మన దేశపు మురుగునీటి మాన్యువల్ లెక్క. మనిషికి 135 లీటర్ల నీళ్లు ఇస్తే అందులో 80 శాతం, 108 లీటర్లు మురుగుగా వస్తుంది. 27 గ్రాములు 108 లీటర్లలో కలిస్తే లీటరుకి 250 మిల్లీగ్రాములు. ఆ 250ని 10 కిందికి దించాలి. ఆ ఆక్సిజన్ అందించేదే బ్లోవర్.

పాతనాలా

బాబూ నీటిలెక్క, నేను ప్రభుత్వ ఇంజనీర్‌గా పనిచేసి రిటైర్ అయి తొమ్మిదేళ్లయింది. నగరంలో నాలాలన్నీ కాలినడకన తిరిగినవాణ్ణి. నీకు లెక్క కావాలన్నావు, కాగితం మీద చేసుకునే లెక్క ఒకటి చెప్తాను.

ఒక బ్లోవర్ వందలో 95 రోజులు పనిచేస్తుంది, మిగతా ఐదు రోజులు రిపేర్‌లోనో సర్వీసింగ్‌లోనో ఉంటుంది అనుకో. రెండే ఉండి రెండూ కావాలంటే 0.95ని 0.95తో హెచ్చించు, 0.9025. అంటే ఏడాదిలో 36 రోజులు గాలి తక్కువ. మూడు ఉండి రెండు చాలు అంటే 0.993 దాకా వస్తుంది. ఏడాదికి మూడు రోజుల లోపు. ఒక్క బ్లోవర్ ధరకి 33 రోజులు కొన్నట్టు.

అయితే ఇక్కడ చాలామంది ఆగిపోతారు, నువ్వు ఆగకు. ఈ లెక్క మూడు బ్లోవర్లూ వేటికవి విడిగా చెడిపోతాయి అనుకుని చేసింది. మూడింటినీ ఒకే ప్యానెల్ మీద, ఒకే బస్‌బార్ (కరెంటు పంచే లోహపు పట్టీ) మీద పెడితే ఆ ప్యానెల్‌లో ఒక బ్రేకర్ కాలినప్పుడు మూడూ ఒకేసారి ఆగుతాయి. అప్పుడు నీ 0.993 కాగితం మీదే మిగులుతుంది. ప్యానెల్‌ని రెండు భాగాలు చెయ్యి, మధ్యలో బస్ కప్లర్ (రెండు భాగాలనీ కలిపే స్విచ్) పెట్టు. రెండు బ్లోవర్లు ఒక పక్క, ఒకటి ఇంకో పక్క. ఖర్చు పెద్దగా పెరగదు.

రెండో ఫీడర్ కూడా అంతే. నేను చూసిన ఒక చోట రెండు ఫీడర్లు ఉన్నాయని డ్రాయింగ్‌లో గర్వంగా చూపించారు. సైట్‌కి వెళ్లి లైన్ వెంట నడిస్తే రెండూ ఒకే సబ్‌స్టేషన్ నుంచి బయలుదేరి, ఒకే స్తంభాల మీద కిలోమీటరున్నర వచ్చాయి. ఒక చెట్టు పడితే రెండూ పోతాయి. నీ రెండో ఫీడర్ ఏ సబ్‌స్టేషన్ నుంచి వస్తోంది? అది ముందు తెలుసుకో. వేరే సబ్‌స్టేషన్ నుంచి వస్తే ఉంచు, పోట్లాడి అయినా ఉంచు. ఒకే చోటు నుంచి అయితే దాని డబ్బు డీజీలో పెట్టు.

అమెరికా పర్యావరణ సంస్థ 1974లోనే దీనికి నియమాలు రాసింది. తాగునీటి మూలాల దగ్గరకి పోయే ప్లాంట్లలాంటివాటిని మొదటి తరగతిలో పెట్టి, అన్నిటికంటే పెద్ద బ్లోవర్ ఆగినా డిజైన్‌కి కావలసిన ఆక్సిజన్ అందాలి, చివరి సెడిమెంటేషన్ ట్యాంకుల్లో పెద్దది ఆగినా మిగతావి 75 శాతం ప్రవాహం మోయాలి అంది. పాతదే, కానీ ఇప్పటికీ దాన్ని పక్కన పెట్టుకుని డ్రాయింగ్ చూస్తే లోపాలు తెలిసిపోతాయి.

ఖర్చులఖాతా

అందరికీ నమస్తే. నేను ఆర్థిక విభాగం మనిషిని, టెండర్ల మూల్యాంకనం చూస్తాను. అవతలివైపు నుంచి ఒక మాట చెప్పాలి. డబ్బు తగ్గించమన్న అధికారి శత్రువు కాదు. ఆయన చేతిలో ఉన్న డబ్బుతో ఇంకో కాలనీకి మురుగు లైన్ కూడా వేయాలి. ప్రతి యంత్రానికీ స్టాండ్‌బై పెడతామంటే ఏ ప్రాజెక్టూ పూర్తి కాదు. నీటిలెక్క గారి లిస్టులో అన్నీ సమానం కావు, వాటిని విడదీయండి.

నేను ఇంజనీర్లని అడిగే ప్రశ్న ఒక్కటే: ఇది ఆగితే ఎంతసేపు ఆగగలం?

మురుగు పంపు ఆగితే నిమిషాల్లో మ్యాన్‌హోళ్లు పొంగుతాయి. బ్లోవర్ ఆగితే గంటలు, బ్లోవర్‌గది గారు చూపించారు. సెంట్రిఫ్యూజ్ ఆగితే? స్లడ్జ్ నిల్వ ట్యాంకు కాస్త పెద్దదిగా ఉంటే నాలుగైదు రోజులు ఆగొచ్చు. ఆ లోపు గేర్‌బాక్స్ మార్చేయొచ్చు, షెల్ఫ్‌లో విడిభాగం ఉంటే. అంటే రెండో సెంట్రిఫ్యూజ్ కొనే బదులు ట్యాంకు పెంచి, విడిభాగాలు కొని పెట్టుకోవచ్చు. ఇక్కడ నిజంగా డబ్బు మిగులుతుంది, ఎవరికీ నష్టం లేదు. నిమిషాలు, గంటలు అనేవాటికి స్టాండ్‌బై బిగించి ఉంచాలి. రోజులు అనేవాటికి విడిభాగం చాలు. వారాలు అనేవాటికి సప్లయర్‌తో ఒప్పందం చాలు.

రెండో విషయం. మీరు 60 కోట్ల గురించే మాట్లాడుతున్నారు. కరెంటు ఎంత?

నీటిలెక్క

మేడమ్, మిలియన్ లీటర్లకి 200 యూనిట్లు అనుకున్నాం. పూర్తి ప్రవాహంలో రోజుకి 4,000 యూనిట్లు.

ఖర్చులఖాతా

ఏడాదికి 14.6 లక్షల యూనిట్లు. యూనిట్ ఏడున్నర రూపాయలు అనుకుందాం, దాదాపు కోటి పది లక్షలు. 15 ఏళ్ల బిల్లుని 8 శాతం డిస్కౌంట్‌తో ఈ రోజు విలువకి తెస్తే (గుణకం 8.56) తొమ్మిది కోట్ల నలభై లక్షలు. కరెంటు ఒక్కటే. మనుషులు, పాలిమర్, క్లోరిన్, స్లడ్జ్ రవాణా, మరమ్మతులు కలపలేదు.

అందులో 60 శాతం గాలికే పోతుంది. మంచి బ్లోవర్లు, వేగం తగ్గించే డ్రైవ్‌లు, ఆక్సిజన్ చూసి గాలిని సర్దే కంట్రోల్ పెట్టి గాలి ఖర్చులో 15 శాతం తగ్గించగలిగితే ఏడాదికి పది లక్షలు, 15 ఏళ్లకి ఈనాటి విలువలో 84 లక్షలు. కాబట్టి చవక బ్లోవర్ 50 లక్షలు తక్కువకి వచ్చిందని సంబరపడితే 34 లక్షలు నష్టపోయినట్టు.

టెండర్‌లో ఎల్1ని, అంటే అందరికంటే తక్కువ ధర బిడ్డర్‌ని, నిర్మాణ ధర మీద కాకుండా నిర్మాణం ప్లస్ 15 ఏళ్ల నిర్వహణ ఈనాటి విలువ మీద తేల్చమని డీపీఆర్‌లో రాయండి. కరెంటు యూనిట్లకి బిడ్డర్ దగ్గర గ్యారంటీ తీసుకుని, దాటితే కోత పెట్టాలి. గంగ మీద ప్లాంట్లకి హైబ్రిడ్ యాన్యుటీ పెట్టారు కదా, నిర్మాణంలో 40 శాతమే ఇచ్చి మిగతా 60 శాతం 15 ఏళ్లలో పనితీరు చూసి ఇస్తారు. ఆ పద్ధతిలో స్టాండ్‌బై తీసేయమని కట్టేవాడే అడగడు, ఎందుకంటే ప్లాంట్ ఆగితే ఆగేది అతని డబ్బే.

బ్లోవర్‌గది

మేడమ్ చెప్పిన సెంట్రిఫ్యూజ్ విషయం ఒప్పుకుంటాను, ఒక షరతు మీద. స్లడ్జ్ ఎంత వస్తుందో ఆఫీసుల్లో ఎవరూ నమ్మరు. మిలియన్ లీటర్లకి సుమారు 200 కిలోల పొడి స్లడ్జ్, నీళ్లు పిండాక కూడా అందులో 80 శాతం నీళ్లే కాబట్టి టన్ను కేక్. 20 ఎమ్ఎల్‌డీకి రోజుకి 20 టన్నులు. నాలుగు రోజులు సెంట్రిఫ్యూజ్ ఆగితే 80 టన్నుల కేక్ అయ్యేంత స్లడ్జ్ ఎక్కడ పెడతాం? ట్యాంకు నిజంగా అంత పెద్దది కట్టాలి. డ్రాయింగ్‌లో ఒకటి చూపించి సైట్‌లో సగం కడితే మేం బేసిన్‌లోనే దాచుకుంటాం, మళ్లీ మొదటికే వస్తుంది.

ఇంకొకటి. రెండో ఫైన్ స్క్రీన్ మాత్రం తీయొద్దు, బతిమాలుతున్నాను. మన మురుగులో జుట్టు, గుడ్డ పీలికలు, ప్యాడ్లు, పాల ప్యాకెట్లు. వాన పడిన మొదటి గంటలో కట్టడాల దగ్గరి ఇసుకంతా వస్తుంది. స్క్రీన్ బైపాస్ చేసి ఒక్క రోజు నడిపినా ఆ జుట్టు బేసిన్ అడుగున బుడగలు వదిలే డిఫ్యూజర్లకి చుట్టుకుంటుంది. డిఫ్యూజర్ రబ్బరు పొర మామూలుగా ఐదు నుంచి ఎనిమిదేళ్లు వస్తుంది, అలా చేస్తే మూడేళ్లకే పోతుంది. చిరిగితే నీళ్ల పైన కనిపిస్తుంది. అన్ని చోట్లా సన్నని బుడగలు సోడాలా వస్తుంటే ఒక చోట మాత్రం అన్నం కుండ పొంగినట్టు పెద్ద పెద్ద బుడగలు. ఆ గాలంతా ఉత్తినే పోతుంది, కరెంటు మీటర్ మాత్రం తిరుగుతూనే ఉంటుంది.

పాతనాలా

వాన మాట వచ్చింది కాబట్టి. యాభై వేల నుంచి ఏడున్నర లక్షల దాకా జనాభాకి మాన్యువల్ ప్రకారం పీక్ ఫ్యాక్టర్ (రద్దీ వేళ ప్రవాహం సగటుకి ఎన్ని రెట్లు) 2.25. అంటే 20 ఎమ్ఎల్‌డీ ప్లాంట్‌కి పొద్దుటి పీక్‌లో 45 ఎమ్ఎల్‌డీ వేగంతో నీళ్లు వస్తాయి. అది వాన లేనప్పుడు. మన దగ్గర వాన నీటి పైపు, మురుగు పైపు కాగితం మీదే వేరు. నాలాని అడ్డగించి మళ్లించే చోట వానాకాలంలో ఏం వస్తుందో 2020 అక్టోబర్ 13న నగరాన్ని ముంచిన వాన చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. పంపులు, స్క్రీన్లు, ప్యానెల్ గది నేల ఎత్తు ఈ మూడూ ఆ రోజుని తలుచుకుని నిర్ణయించాలి. ప్యానెల్ గదిలో నీళ్లు చేరితే స్టాండ్‌బైల లెక్కలన్నీ మునిగిపోతాయి. నేల ఒక మీటరు ఎత్తు పెంచడానికి పట్టే మట్టి, రాయి ఖర్చు మీ అంచనాలో కనిపించనే కనిపించదు.

ఇప్పుడు అసలు ప్రశ్న అడుగుతాను. ఈ రోజు ఆ ప్రాంతం నుంచి ఎంత మురుగు వస్తోంది?

నీటిలెక్క

సార్, మేం నాలా దగ్గర ఏడు రోజులు కొలిచాం. 11 ఎమ్ఎల్‌డీ దగ్గర ఉంది. 20 అనేది పదిహేనేళ్ల తర్వాతి అంచనా.

పాతనాలా

మరి ఆరు కోట్లు అక్కడే ఉన్నాయి కదయ్యా!

నాలుగు బేసిన్లు, ఒక్కోటి 5 ఎమ్ఎల్‌డీ. ఇప్పుడు మూడు కట్టు. నాలుగోదానికి స్థలం వదులు, కాలువ గోడలో రంధ్రాలు వదిలి మూసెయ్యి, పైపుకి బ్లైండ్ ఫ్లాంజ్ (చివర మూత) పెట్టు. 11 వస్తున్నప్పుడు 15 సామర్థ్యం ఉంటుంది. డిఫ్యూజర్లు మార్చడానికి ఒక బేసిన్ ఖాళీ చేసినా 10 మిగులుతుంది, వేసవిలో తక్కువ ప్రవాహం చూసుకుని ఆ పని చేసుకోవచ్చు. పంపుల్లాంటి యంత్రాలకి 15 ఏళ్ల లెక్క, సివిల్‌కి 30 ఏళ్ల లెక్క మనకి ఎప్పటి నుంచో ఉంది. స్థలం మాత్రం ఇప్పుడే పూర్తిగా తీసుకో, ఆ ప్రాంతంలో పదేళ్ల తర్వాత గజం దొరకదు.

సగం ప్రవాహానికి పూర్తి ప్లాంట్ కట్టి, రెండు బేసిన్లు ఖాళీగా ఎండలో పగుళ్లు పడటం నా కళ్లతో చూశాను. ఆ బేసిన్లలోకి నీళ్లు వచ్చేనాటికి డిఫ్యూజర్లు ఎండిపోయి పనికిరాకుండా పోయాయి. వాడకుండానే పాడైన సామాన్లకి ఎవరు జవాబు చెప్తారు?

ఉప్పల్_పరిశోధన

సార్ చెప్పినది బాగుంది, ఒక జాగ్రత్త. మూడు బేసిన్లతో ఎస్‌బీఆర్ సైకిల్ మారుతుంది. నాలుగైతే రెండేసి జతలుగా నింపుకుంటూ పోవచ్చు. మూడైతే సైకిల్‌లో మూడో వంతు టైమ్‌లో ఒక్కో బేసిన్ నిండాలి, నిండేటప్పుడు వచ్చే వేగం మొత్తం ఒక్క దాని మీదే పడుతుంది. డికాంటర్ సైజు, పీక్‌లో నీటిమట్టం మళ్లీ లెక్కపెట్టండి. పీక్‌ని కూడా 20కి కాదు, 15కి వేయాలి.

ఇంకోటి, తక్కువ ప్రవాహంలో బ్లోవర్ ఎంత కిందికి దిగగలదో చూడండి. పెద్ద బ్లోవర్లు పెట్టి అవి సగానికి కూడా దిగకపోతే అవసరం లేని గాలి ఊదుతూ కరెంటు తగలేస్తాయి. రెండు పెద్దవాటి బదులు మూడు చిన్నవి నడిచేలా, నాలుగోది స్టాండ్‌బైగా పెడితే స్టాండ్‌బై కూడా చిన్నదే అవుతుంది, దాని ధరా తగ్గుతుంది.

నల్లకుంట_నివాసి

శుద్ధి చేసిన నీళ్లు అమ్మితే ఖర్చు రాదా? ట్యాంకర్ నీళ్లకి మా అపార్ట్‌మెంట్ నెలకి చాలా కడుతోంది.

ఖర్చులఖాతా

కొంత వస్తుందండీ, కానీ అంచనాలో ముందే ఆదాయంగా రాసుకోవడానికి నేను ఒప్పుకోను. చెన్నైలో కోయంబేడు, కొడుంగైయూర్‌లలో 45 ఎమ్ఎల్‌డీ చొప్పున శుద్ధి చేసి పరిశ్రమలకి ఇస్తున్నారు. బెంగళూరు నీళ్లు కోలార్ చెరువులకి వెళ్తున్నాయి. అవి సాధ్యమే. కానీ కొనేవాడు మొదట అడిగేది రేటు కాదు, "రోజూ ఇస్తారా?" అని. వారంలో రెండు రోజులు నల్లగా వచ్చే నీళ్లకి ఏ ఫ్యాక్టరీ ఒప్పందం రాసుకోదు. మళ్లీ స్టాండ్‌బై దగ్గరికే వస్తాం. మూసీ కింద గడ్డి పెంచేవాళ్లు మాత్రం ఏ ఒప్పందమూ లేకుండా ఆ నీళ్లే వాడుకుంటున్నారు, అది నా మనసులో ఉంది.

నీటిలెక్క

పన్నెండు రోజుల తర్వాత మళ్లీ వస్తున్నాను. అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు.

సవరించిన అంచనా నిన్న ఇచ్చాం. మూడు బేసిన్లు, నాలుగోదానికి స్థలం. దాని మీదే ఐదు కోట్ల దాకా తగ్గింది. రెండో సెంట్రిఫ్యూజ్ తీసి స్లడ్జ్ ట్యాంకుని ఐదు రోజులకి పెంచాం, గేర్‌బాక్స్, స్క్రోల్ విడిభాగాలు అంచనాలోనే పెట్టాం. అడ్మిన్ భవనం ఒక అంతస్తు తగ్గించాం, కంట్రోల్ రూమ్‌లో గోడ సైజు స్క్రీన్ తీసేశాం. బ్లోవర్లు మూడు చిన్నవి ప్లస్ ఒకటి స్టాండ్‌బై, ప్యానెల్ రెండు భాగాలు. రెండో స్క్రీన్ ఉంది. ప్యానెల్ గది నేల 1.2 మీటర్లు పెంచాం. డిజైన్ బీఓడీ 5.

మీటింగ్‌లో ఎక్కువసేపు నడిచింది ఉప్పల్ మేడమ్ ఇచ్చిన ఆ మూడు నంబర్ల మీద, పాతనాలా సార్ చెప్పిన 36 రోజులు, 3 రోజుల మీద. ఆ లెక్క చూపించాక స్టాండ్‌బై బ్లోవర్ గురించి ఎవరూ మళ్లీ అడగలేదు. "ఆగితే ఎంతసేపు ఆగగలం" అనే టేబుల్ చేసి ప్రతి యంత్రానికీ ఎదురుగా రాశాను, దాన్ని డీపీఆర్‌లో అనుబంధంగా పెట్టమన్నారు.

తేలనిది ఒక్కటి. ఫీడర్. లైన్ వెంట నడిచాను సార్, మీరు చెప్పినట్టే. రెండో ఫీడర్ వేరే సబ్‌స్టేషన్ నుంచే వస్తుంది కానీ చివరి 400 మీటర్లు మొదటిదాని స్తంభాల మీదే చూపించారు. ఆ 400 మీటర్లు భూగర్భ కేబుల్‌గా మార్చమని ఉత్తరం రాశాం. ఖర్చు ఎవరిది అన్న దగ్గర ఆగింది.

పాతనాలా

400 మీటర్లే కదా, మీ అంచనాలోనే పెట్టేసుకో. ఎవరిది అని ఉత్తరాలు తిరిగితే ఏడాది పోతుంది. అంతదాకా డీజీ బ్లోవర్లని మోసేలా ఉందో లేదో ఇంకోసారి చూడు, కనీసం రెండు చిన్న బ్లోవర్లు, ఒక మురుగు పంపు కలిపి. స్టార్టింగ్ కరెంట్ కూడా లెక్కలో వేసుకో.

బ్లోవర్‌గది

తమ్ముడూ, డిఫ్యూజర్ గ్రిడ్లు పైకి లేపే ఏర్పాటు ఉందా, లేక బేసిన్ ఖాళీ చేసి దిగాలా? లేపేలా ఉంటే మనిషి లోపలికి దిగే పని తప్పుతుంది. బేసిన్ అడుగున గ్యాస్ ఉంటుంది, మా వాళ్లలో ఒకతను నిచ్చెన మీదే స్పృహ తప్పాడు, పైన ఇద్దరు ఉండబట్టి తాడుతో లాగగలిగాం. ఆ ఒక్కదానికి ఎంతైనా పెట్టించు. లేఅవుట్ ఉంటే ఇక్కడ పెట్టు, క్రేన్ ఎక్కడ నిలబడాలో నేను గుర్తు పెట్టి ఇస్తాను.

నీటిలెక్క

లేదన్నా, ఫిక్స్‌డ్ గ్రిడ్లే చూపించాం. రేపు పొద్దున మారుస్తాను. డీజీ లెక్క కూడా రేపే. లేఅవుట్ సాయంత్రానికి పెడతాను.